కట్టిన మూట విప్పిన అత్తయ్య

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు గుంట మగ్గాలూ ఒక అసూయా ఉండేవి. మగ్గాలు తాతయ్యదొకటి, నాన్నదొకటి. అసూయ మాత్రం పూర్తిగా నాదే. అందులో ఎవరికీ వాటా ఇవ్వలేదు.

చల్లపల్లికి ఇవతల, కాలవ గట్టున ఉండేది మా ఊరు. యుద్ధం రోజులవి. నూలు కంట్రోలులో ఉండేది. బెజవాడ షావుకారు నూలిస్తే మావాళ్ళు నేసేవారు. నేసిన చీరలూ పంచెలూ మూటగట్టి, పడవ మీద బెజవాడ తీసుకుపోయి ఆయన కొట్లో అప్పజెప్పి, మళ్ళీ నూలు తెచ్చుకునేవారు. ఎగువకు పోయే పడవను మనుషులు తాడు పట్టి గట్టు మీద నడుస్తూ లాగేవారు. పొద్దున ఎక్కితే బెజవాడ చేరేసరికి ఆ రోజు అయిపోయేది. అయినా మాకు ఆ పడవ ఎక్కడమంటే కాశీకి పోయినంత.

ఆ పడవ ఎక్కే భాగ్యం నాది కాదు, మా వదినది. మా మేనత్త కూతురు కాబట్టి వదిన అనేదాన్ని. మావయ్య పోయాక అత్తయ్య ఆమెను వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. వదిన నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్దది, పొడగరి. వచ్చిన కొత్తలో నాకు ఆమె అంటే ఇష్టమే. తర్వాత మా ఇంట్లో ప్రతి నోటా ఆమె పేరే వినపడసాగింది. నూలు కండెలు చుట్టడంలో ఆమెకు ఆమే సాటి. నీళ్ళబిందె మోస్తే చుక్క తొణకదు. గంజి కాస్తే ఉండకట్టదు. ఇక బట్టల మూట నెత్తిన పెట్టుకుని రేవుకు నడిచిందంటే వీధిలో అరుగుల మీద కూర్చున్న ముసలమ్మలంతా మెచ్చుకునేవాళ్ళు. నేను మా గుమ్మంలో నిలబడి కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని.

అంతటితో పోతే పోనీ అనుకునేదాన్నేమో. ఆ ఏడు అమ్మ పురిటికని బెజవాడలో పుట్టింటికి వెళ్ళింది. తమ్ముడు పుట్టాడని కబురొచ్చింది. పురిట్లో ఏదో తేడా చేసింది, కోలుకోవడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా పంపించం అన్నారు అమ్మమ్మవాళ్ళు. నాన్న మగ్గం దిగడానికి వీల్లేదు. ఇచ్చిన నూలుకు గడువులోగా బట్ట చూపించకపోతే మళ్ళీ నూలు రాదు. కాబట్టి అమ్మను చూసొచ్చే మనిషి తాతయ్యా, తాతయ్య వెంట మూట మోసే మా వదినా. నా తల్లిని ఆమె చూసొచ్చేది. నా తమ్ముణ్ణి ఆమె ఎత్తుకునేది. నేను ఇంట్లో కూర్చుని నూలు చుట్టే ఆసు తిప్పేదాన్ని.

ఒకసారి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, చాలా మామూలుగా చెప్పింది. "మీ తమ్ముడు నా వేలు పట్టుకుని వదల్లేదే. ఎంత గట్టి పట్టో!"

పుండు మీద కారం చల్లినట్టయింది నాకు. ఆ వేలు విరిచేద్దామన్నంత కోపం వచ్చింది. నేనింకా చూడనైనా చూడని నా తమ్ముడు వేలు పట్టుకోవడానికి ఈవిడెవరు? అన్నం తినకుండా పోయి కండెల బుట్ట పక్కన ముడుచుకుని కూర్చున్నాను. ఎవరూ బతిమాలడానికి రాలేదు. కాసేపటికి నేనే లేచి వెళ్ళి తిన్నాను.

మర్నాడు తాతయ్యను పట్టుకున్నాను. ఈసారి నేనొస్తానని ఏడ్చాను. తాతయ్య చెడ్డవాడు కాదు గానీ ఆయన ప్రాణమంతా పద్ధతుల్లో ఉండేది. తన మూట తాను మొయ్యగలవాళ్ళే పడవెక్కాలన్నది మా తాతముత్తాతల నాటి పద్ధతట. ఆయన భుజం ఎప్పుడో పోయింది, బరువు మొయ్యలేడు. ఇద్దరు పిల్లల్ని తీసుకుపోతే ఒకరు ఉత్త చేతులు ఊపుకుంటూ రావాలి. "మూట ఎత్తి చూపించు, తీసుకుపోతా" అన్నాడు నవ్వుతూ. ఆయనకది వేళాకోళం. నాకది మాట ఇచ్చినట్టు.

ఆ మూట సంగతి చెప్పాలి. రెండు మగ్గాల మీద నేసిందంతా ఒకే మూట కట్టేవాడు తాతయ్య. మడత పెట్టిన బట్ట చూడ్డానికి ఇంతే ఉంటుంది గానీ రాయి మోసినట్టు ఉంటుంది. కట్టాక ముడి మీద పసుపు రాసి, దణ్ణం పెట్టి అరుగు మీద పెట్టేవాడు. ఇక దాన్ని షావుకారి కొట్లోనే విప్పాలి. దారిలో విప్పితే లక్ష్మి జారిపోతుందట. రెండుగా కడితే లక్ష్మిని రెండు ముక్కలు చేసినట్టట. ఎవరన్నారని అడిగితే, ఆయన నాన్న అన్నాడట. ఆయనకెవరన్నారో అడగడానికి ఆయన లేడు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది మా వైపు. తల మీద బరువు ఎవరూ ఒంటరిగా ఎత్తుకునేవారు కాదు. గడ్డిమోపైనా, నీళ్ళబిందైనా, ఎదురొచ్చినవాళ్ళను "కాస్త తలకెత్తమ్మా" అని అడిగేవారు. అడిగితే కాదనకూడదు. పగవాళ్ళయినా సరే ఎత్తి పెట్టి, ఆ తర్వాత మళ్ళీ మొహం తిప్పుకుని పోవాల్సిందే. మూట మోసే రోజున వదిన నన్నే పిలిచేది. నేనొక పక్క, అత్తయ్యొక పక్క పట్టి ఆమె తలకెత్తేవాళ్ళం. ఎత్తేది నేను, పేరు ఆమెది. అది కూడా నా కుళ్ళులో ఒక భాగమే.

ఆ సాయంకాలం తాతయ్య మూట కట్టి, పసుపు రాసి, పడవ సరంగుతో మాట్లాడడానికి రేవుకు వెళ్ళాడు. నాన్న మగ్గం గుంటలో ఉన్నాడు. వదిన నీళ్ళకు పోయింది. అరుగు మీద మూట, దాని ఎదురుగా నేను. ఎవరి సాయం లేకుండా దాన్ని నెత్తికెత్తుకుని రేవుదాకా నడిచి, తాతయ్య ఎదురుగా నిలబడాలని నా ఆలోచన. సాయం కావాలంటే వదిన వచ్చేదాకా ఆగాలి. ఆమెను అడగాలి. ఆమె ఎత్తి పెడితే నేను మోసి ఏం గొప్ప?

అరుగు మీంచి కిందికి లాగాను. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, నడుం వంచి, ముడి దగ్గర రెండు చేతులా పట్టుకుని ఒక్క ఊపున లేపాను. మోకాలి దాకా వచ్చింది. ఇంకో ఊపుతో పక్కకు తిరిగి భుజాన వేసుకుందామని మెలి తిరిగాను. నడుం కలుక్కుమంది.

మూట కింద పడింది. నేను వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. లేవబోతే ప్రాణం పోతోంది. అరిస్తే నాన్న వింటాడు, వింటే రేపు పడవ మాట దేవుడెరుగు. కళ్ళల్లోంచి నీళ్ళు ముక్కు చివరికి వచ్చి కారుతున్నాయి. అప్పుడు కూడా నా మనసులో ఉన్నది నొప్పి కాదు. వదిన ఇంకాసేపట్లో బిందెతో వచ్చి నన్ను ఇలా చూస్తుందన్నదే.

చూసింది అత్తయ్య. గంజిచేత్తో బయటికొచ్చి ఒక్కసారి నన్నూ మూటనూ చూసింది.  నా చంకల కింద చేతులు వేసి మెల్లగా లోపలికి నడిపించి, చాప మీద బోర్లా పడుకోబెట్టింది. ఆముదం వెచ్చజేసి నడుముకు రాసి, పాతచీర చింపి గట్టిగా కట్టు కట్టింది. నేను ఏడుస్తూ, మూట సరిగ్గా కట్టలేదు, ముడి పట్టు దొరకలేదు అని ఏదో చెప్పబోయాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముడేం చేసిందే పాపం?" అంది. తర్వాత అడిగింది. "ఎవర్నయినా పిలవొచ్చుగా?"

"వదిన తప్ప ఎవరూ లేరు."

అత్తయ్య కట్టు చివర లోపలికి దోపింది. తర్వాత తన సంగతి చెప్పింది. అత్తయ్య ఎప్పుడూ ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని నడిచేది. అది ఆమె ఠీవి అనుకునేదాన్ని నేను, అద్దం ముందు అలా నడిచి చూసుకునేదాన్ని కూడా. అత్తారింట్లో ఆమెకు ఒక తోటికోడలు ఉండేదట. పనిమంతురాలు, అందరి మెప్పూ ఆమెకే. ఒకరోజు పడుగు నూలుకు పెట్టే గంజి గంగాళం పొయ్యి మీంచి దించాలి. అది ఇద్దరి పని. తోటికోడలు అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో వత్తులు చేసుకుంటూ కూర్చుంది. "ఓ చెయ్యి వెయ్యవే అంటే లేచి వచ్చేది. చెడ్డ మనిషేం కాదు. నాకే నోరు రాలేదు. ఆవిణ్ణి అడగడం కంటే చావడం నయమనుకున్నా. ఒక్కదాన్నే దించా. ఇదిగో, అప్పట్నుంచీ ఈ చెయ్యి ఇక్కడుంది" అంది. అని నా వీపు మీద చెయ్యి వేసి, "నా నడుం గంగాళం విరగ్గొట్టలేదే. కుళ్ళు విరగ్గొట్టింది" అంది.

ఆవిడకు నా కుళ్ళు తెలుసునన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. సిగ్గుతో మొహం చాపకు అదుముకున్నాను. ఆవిడ కూతురి మీద నేను ఏడుస్తున్నానని తెలిసీ నాకు ఆముదం రాసిందా అనిపించింది.

ఆ తర్వాత అత్తయ్య బయటికి వెళ్ళింది. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. మూట పక్కన గొంతుక్కూర్చుంది. పసుపు రాసిన ముడి విప్పింది.  మా ఇంట్లో ఎవరైనా కొత్త మగ్గానికి నిప్పు పెట్టారంటే నమ్ముతాను గానీ, కట్టిన మూట విప్పారంటే నమ్మను. ఆవిడ మాత్రం పప్పులో రాళ్ళు ఏరుతున్నంత తీరుబాటుగా చీరలు ఒక పక్కా పంచెలు ఒక పక్కా పేర్చి, రెండు మూటలు కట్టి, రెండింటి ముళ్ళకూ పసుపు రాసి అరుగు మీద పెట్టింది.

దీపాలు పెట్టే వేళకు తాతయ్య వచ్చాడు. అరుగు మీద రెండు మూటలు చూసి ఆయనకు మాట రాలేదు. వచ్చాక ఆగలేదు. లక్ష్మిని నరికావన్నాడు. పుట్టిల్లు ముంచడానికే వచ్చావన్నాడు. వదిన బిందె పట్టుకుని వాకిట్లో బిక్కచచ్చి నిలబడింది. నాన్న మగ్గం ఆపి బయటికొచ్చాడు.

అత్తయ్య గొంతు పెంచలేదు. "అదేంటి నాన్నా, మా అత్తారింట్లో ఎప్పుడూ జోడుమూటలే కట్టేవాళ్ళు. ఒంటిమూట పంపితే లక్ష్మిని దీపమైనా పెట్టకుండా సాగనంపినట్టని మా మావగారు తిట్టేవాడు. అందుకే ఆ ఇంట్లో ఆరు మగ్గాలు ఆడేవి. పీటల మీద కూర్చునేది జంట, తాంబూలంలో పెట్టే ఆకులు జంట, లక్ష్మి మటుకు ఒంటరిగా పడవెక్కాలా?" అంది.

 పద్ధతిని కాదన్నవాళ్ళకు తాతయ్య దగ్గర ఎదురుమాట ఎప్పుడూ ఉండేది. పద్ధతికి ఎదురుగా ఇంకో పద్ధతి వస్తే ఏం చెయ్యాలో ఆయనకెవరూ నేర్పలేదు. ఆరు మగ్గాల మాట కూడా పనిచేసి ఉంటుంది. చివరికి గొణిగాడు. "మరి రెండు మూటలూ ఎవరు మోస్తారే?"

"నా కూతురే మోస్తుంది. ఒకటి కొట్లో దించి వచ్చి ఇంకోటి తీసుకుపోద్ది. నువ్వు దాని వెంట కొట్టుకు పోతే, అందాకా బెజవాడ రేవులో రెండోదాని దగ్గర కాపలా మనిషి ఉండాలిగా? ఇదిగో, ఇది కూర్చుంటుంది" అంటూ నన్ను చూపించింది.

నేను పడవెక్కాను. ఆ మాట ఇప్పటికీ ఎంత తియ్యగా ఉందో! కానీ ఎక్కిన తీరు తియ్యగా లేదు. నడుముకు చీరపీలిక కట్టుకుని, ముసలమ్మలా మెల్లగా నడిచి, ఉత్త చేతులతో ఎక్కాను. బయల్దేరే ముందు అత్తయ్య మా ఇద్దర్నీ మూట దగ్గర నిలబెట్టి ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఎత్తే ముందు చేత్తో కదిపి చూడాలట, చూపుకు బరువు తెలియదు కాబట్టి. నడుం వంచకుండా మోకాళ్ళు వంచి కూర్చోవాలట. బరువును ఒంటికి దగ్గరగా, గుండెకు ఆనించుకుని లేవాలట. పక్కకు తిరగాలంటే పాదాలతో తిరగాలి గానీ నడుముతో కాదట. తలకెత్తడానికి రెండో మనిషి దొరక్కపోతే మూట కిందే ఉండాలట. "మూటకు కాళ్ళొచ్చి పారిపోదు. నువ్వు పడితే మాత్రం లేపేవాళ్ళు కావాలి" అంది. వదిన తల ఊపుతుంటే చూశాను, ఇవన్నీ ఆమెకు ముందే తెలుసు. నేను ఇన్నాళ్ళూ బలం అనుకుని కుళ్ళుకున్నది సగం ఇదన్నమాట. నాకు అప్పుడు కూడా ఇంకొంచెం కోపమే వచ్చింది, నాకెందుకు ముందే చెప్పలేదని.

పడవలో వదిన నా పక్కనే కూర్చుంది. మెడ అటూ ఇటూ తిప్పుకుంటూ చేత్తో రుద్దుకుంటోంది. నొప్పా అని అడిగాను, అడగాలని కాదు, ఊరికే.

"ఈ ఏడంతా నొప్పే. రాత్రిళ్ళు తల పక్కకు తిప్పలేను" అంది.

"మరి మొయ్యలేనని చెప్పొచ్చుగా?"

వదిన నీళ్ళకేసి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది. "నీకేమే. మొయ్యకపోయినా అది నీ ఇల్లే. నేను మొయ్యకపోతే, మేమెందుకు ఉన్నట్టు అక్కడ?"

 అంతవరకూ నాకు తట్టనే లేదు, నేను ఆమెను చూసి ఏడుస్తున్నట్టే ఆమె కూడా నన్ను చూసి ఏడుస్తూ ఉండొచ్చని. నాకు నాన్న ఉన్నాడు. ఇల్లుంది. అన్నం తినకుండా అలిగే హక్కుంది. ఆమె ఎప్పుడూ అలగలేదు. ఆ మాట విన్నాక నా అసూయ పోయిందని చెబితే అబద్ధమే అవుతుంది. పక్కకు జరిగి కాస్త చోటిచ్చిందంతే.

రేవులో నేను మూట దగ్గర కూర్చున్నాను. వదిన మొదటి మూట దించి, చేతులూపుకుంటూ తిరిగి వచ్చింది. ఆమెను అలా తేలిగ్గా నడుస్తూ చూడడం నాకు అదే మొదటిసారి. వెంట వచ్చిన తాతయ్య కూడా చూశాడు. 

అమ్మమ్మగారింట్లో అమ్మ మంచం మీద ఉంది. నన్ను చూసి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తమ్ముడు కింద చాప మీద, పాతగుడ్డల్లో, గుప్పిళ్ళు బిగించి పడుకుని ఉన్నాడు. ఎత్తుకోమంది అమ్మ. వంగాను. సగం వంగేసరికి నడుం మళ్ళీ పట్టేసింది. అక్కడే ఆగిపోయాను. వాడు నా చేతికి జానెడు దూరంలో ఉన్నాడు, నేను అందుకోలేను.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. దగ్గరికి రాలేదు. ఇది నా వంతని ఆమెకు తెలుసు. నేను పిలవకపోతే అక్కడే నిలబడేది. పిలవాలంటే, నా తమ్ముణ్ణి నాకు అందించమని, అప్పటికే వాడి చేత వేలు పట్టించుకున్న మనిషిని నేను అడగాలి.  కాసేపు అలాగే వంగి నిలబడ్డాను. తోటికోడల్ని అడగలేక అత్తయ్య కూడా గంగాళం ముందు ఇలాగే నిలబడి ఉంటుంది.

"వదినా, ఓ చెయ్యి వెయ్యవే. నా వల్ల కావడం లేదు" అన్నాను.

ఆమె పరుగున వచ్చింది. మోకాళ్ళు వంచి కూర్చుని, వాణ్ణి గుండెకు ఆనించుకుని, మెల్లగా లేచింది. నన్ను మంచం మీద అమ్మ పక్కన కూర్చోబెట్టి, వాణ్ణి నా ఒళ్ళో పెట్టింది. పెట్టాక కూడా వాడి తల కింద చెయ్యి తియ్యలేదు, నాకు పట్టుకోవడం చాతకాదని. ఆ చెయ్యి మీద నా చెయ్యి వేసుకుని కూర్చున్నాను.

జోడుమూటల ఆచారం మా వీధి అంతా పాకింది. తర్వాత తర్వాత ఒంటిమూట కడితే తాతయ్యే అరిష్టమనేవాడు. చాలా ఏళ్ళకు, ఆయన పోయాక, మీ అత్తారింట్లో నిజంగా అలా కట్టేవాళ్ళా అని అత్తయ్యను అడిగాను. "ఆరు మగ్గాలెక్కడివే, ఉన్నది ఒక్కటి" అని నవ్వింది. ఒక చెయ్యి నడుం మీదే ఉంది.

నేను చదువుకుని పంతులమ్మనయ్యాను. బడిలో బల్లలూ బీరువాలూ జరపని ఏడాది లేదు. నాకంటే వెనక చేరి, నాకంటే ముందు హెడ్మిస్ట్రెస్ అయిన ఆవిడ ఒకరు మా బడికి వచ్చారు. ఆ ఏడు పుస్తకాల పెట్టె ఒకటి వరండాలోంచి లోపలికి చేర్చాలి. ఇద్దరు బంట్రోతులూ సెలవు. ఒక్కదాన్నే ఈడ్చబోయి, ఎందుకు ఒక్కదాన్నే ఈడుస్తున్నానా అని ఆగాను. వెళ్ళి ఆవిణ్ణే అడిగాను, ఓ చెయ్యి వెయ్యండి మేడమ్ అని. కొంగు బిగించి వచ్చారు. ఇద్దరం పెట్టె తెరిచి, మోయగలిగినన్ని పుస్తకాల చొప్పున లోపలికి చేర్చాం.

ఇప్పటికీ అంతే. ఇంట్లోగానీ బయటగానీ ఏదైనా ఎత్తాల్సి వచ్చినప్పుడు చుట్టూ చూస్తాను. ఎవర్ని అడగడానికి నా నోరు రాదో, వాళ్ళ మీద నాకు అసూయ ఉందని అప్పుడు తెలుస్తుంది. ముందు వాళ్ళనే అడుగుతాను.